డైరెక్టరీ సర్వర్: స్థాపనకు ముందు చేయవలసిన ఏర్పాట్లు



ఒక సంస్థలో పనిచేసేవారి పేర్లు, పాస్‌వర్డ్‌లు, అనుమతులు, కంప్యూటర్ల వివరాలు అన్నిటినీ ఒకేచోట భద్రపరచి, అడిగిన వెంటనే అందించేదే డైరెక్టరీ సర్వర్. 1993లో తొలి ప్రమాణపత్రం వెలువడిన ఎల్‌డ్యాప్ అనే నియమావళి దీనికి ఆధారం. ఓపెన్ ఎల్‌డ్యాప్, 389 డైరెక్టరీ సర్వర్, యాక్టివ్ డైరెక్టరీ మూడూ దానిని పాటిస్తాయి. వీటిని స్థాపించేముందు నెట్‌వర్క్‌ను, హార్డ్‌వేర్‌ను ఎలా సిద్ధం చేయాలో ఇప్పుడు తెలుసుకుందాం.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడి 7 జిల్లాలకు ఉద్దేశించిన బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలిదశ 2018 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. జగదల్‌పూర్‌లో ప్రధాన ఆసుపత్రి, బీజాపూర్‌లో, సుక్మాలో శాఖలు ఉన్న ఒక సంస్థను ఊహించుకోండి. సర్వర్ జగదల్‌పూర్‌లో ఒక్కటే ఉందనుకుందాం. వానాకాలంలో దారిలో ఎక్కడో కేబుల్ తెగింది. బీజాపూర్‌లో డాక్టరు ఎదుట రోగి ఉన్నాడు, కంప్యూటరూ ఉంది. కాని లాగిన్ కావడం లేదు! కనుక శాఖలో కూడా డైరెక్టరీ నకలు ఒకటి ఉండాలి. దీనినే రెప్లికా అంటాము.

ఇక నెట్‌వర్క్. సర్వర్‌కు మారని ఐపీ అడ్రసు ఇవ్వండి. ఒక్కో ఊరికి వేరు వేరు వరుస కేటాయించండి: జగదల్‌పూర్‌కు 192.168.10, బీజాపూర్‌కు 192.168.20, సుక్మాకు 192.168.30 తో మొదలయ్యేవి. రెండు ఊళ్లలో ఒకే వరుస ఉంటే, ఏ ప్యాకెట్ ఎటు పోవాలో రూటర్‌కు తెలియదు. సర్వర్‌కు పూర్తి పేరు ముందే నిర్ణయించి డీఎన్‌ఎస్‌లో నమోదు చేయండి. పేరు అడిగితే అడ్రసు, అడ్రసు అడిగితే పేరు రెండూ సరిగా రావాలి. ఫైర్‌వాల్‌లో ఎల్‌డ్యాప్‌కు 389, దాని సురక్షిత రూపానికి 636, డీఎన్‌ఎస్‌కు 53, కెర్బెరోస్‌కు 88, గడియారాల సవరణకు 123 పోర్టులు తెరిచి ఉంచండి.

గడియారానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? కెర్బెరోస్ పద్ధతిలో, సాధారణ అమరికలో, రెండు యంత్రాల మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌కు అనుమతి రాదు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన యంత్రం, కరెంటు పోయి వచ్చాక ఏళ్ల వెనకటి తేదీ చూపుతుంది. అప్పుడు పాస్‌వర్డ్ సరైనదే అయినా ప్రవేశం ఉండదు. అందుకే పాత యంత్రాల్లో ఆ బ్యాటరీలను ముందే మార్చండి.

హార్డ్‌వేర్ విషయంలో లెక్క వేసి చూడండి. 2,000 మంది ఉద్యోగులు, ఒక్కొక్కరి పద్దుకు 10 కిలోబైట్లు అనుకుంటే మొత్తం 20 మెగాబైట్లే! మెమరీలోనే ఇమిడిపోతుంది. ఖరీదైన ప్రాసెసర్ కంటె మంచి యూపీఎస్‌కు, సరైన ఎర్తింగ్‌కు డబ్బు పెట్టడం మేలు. రాస్తూండగా కరెంటు పోతే డేటాబేస్ దెబ్బతినవచ్చు. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రెయిడ్-1 అమర్చండి. అయితే ఇది బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన పద్దు రెండు డిస్కుల్లోనూ, రెప్లికాలోనూ చెరిగిపోతుంది. విడిగా బ్యాకప్ తప్పనిసరి.

శాఖలో సర్వర్ గదికి తాళం లేకపోతే, అందరి పాస్‌వర్డ్ సమాచారమూ ఉన్న డిస్కు దొంగల పాలు కావచ్చు. అటువంటి చోట్ల యాక్టివ్ డైరెక్టరీలో, విండోస్ సర్వర్ 2008 నుంచి లభిస్తున్న చదవడానికి మాత్రమే వీలైన రెప్లికాను ఎంచుకోండి. అందులో ఆ శాఖవారి పాస్‌వర్డ్ సమాచారం మాత్రమే ఉండేలా ఏర్పాటు చేయవచ్చు.

స్థాపన పూర్తయ్యాక ఒక పరీక్ష తప్పక చేయండి. బీజాపూర్ లింకు కేబుల్‌ను మీరే ఊడదీసి, అక్కడి కంప్యూటర్లో లాగిన్ అయి చూడండి. లాగిన్ అయితేనే మీ ఏర్పాట్లు పూర్తయినట్లు లెక్క.