ఎవరి పేపరు తిప్పి పంపుతారు?

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి పట్టాలు అందుకున్న మీలో చాలామందికి ఇంటి భాష తెలుగే కాబట్టి, నేనూ తెలుగులోనే మాట్లాడతాను.

మీలో కొందరు పరిశోధనలో చేరతారు. చేరీ చేరగానే ఫోనుకి సదస్సుల ప్రకటనలు మొదలవుతాయి. 'భాష, సాహిత్యం, సంస్కృతి: నూతన దృక్పథాలు'. కింద ఉపశీర్షికల చాంతాడు: స్త్రీవాదం, జానపదం, పర్యావరణం, కృత్రిమ మేధ, యోగా. అదీ చాలదన్నట్టు ఆఖర్న 'తదితర అంశాలు'. రుసుము, గడువు మాత్రం ఖచ్చితంగా ఉంటాయి. అది చదివాక ఒక్క ప్రశ్న వేసుకోండి: వీళ్లు ఎవరి పేపరైనా తిప్పి పంపగలరా?

నిర్వాహకులను తిట్టి లాభం లేదు. 2010 యూజీసీ నిబంధనలు అధ్యాపకుల పదోన్నతులకు ఏపీఐ మార్కులు పెట్టాయి; సదస్సులో చదివిన పేపరుకూ అందులో లెక్క ఉంది. ఎన్ని సదస్సులు జరిపారని కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ వాళ్లు అడుగుతారు. అంశం ఇరుకైతే జనం రారు, రాకపోతే భోజనాల ఖర్చు కూడా గిట్టదు. అయితే తలుపులు బార్లా తెరిస్తే ఏమొస్తుందో 2005లో తేలింది. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు కంప్యూటరు చేత అర్థంపర్థంలేని పేపరు రాయించి, సిస్టమిక్స్, సైబర్నెటిక్స్, ఇన్ఫర్మాటిక్స్ అన్నీ కలిపిన ఒక ప్రపంచ సదస్సుకు పంపితే, సమీక్ష లేకుండానే ఒప్పుకున్నారు.

అంశం ఇరుకైతేనే విలువ. మీ కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి, అంటే పల్లీ చిక్కీకి, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ వేరుశనగ, ఏ బెల్లం, ఏ నది నీళ్లు అన్నది చెబితేనే వచ్చింది. 'తీపి పదార్థాలు: నూతన దృక్పథాలు' అని దరఖాస్తు పెట్టి ఉంటే?

అలా ఇరుకు అంశమే పట్టుకున్న తమిళ రచయిత, ఇడైచెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారిదీ తెలుగు ఇల్లే. హైస్కూలు చదువైనా పూర్తి చేయలేదు. ఈ నల్లరేగడి పల్లెల నోటి మాటలే పట్టుకుని 1982లో మాండలిక నిఘంటువు వేశారు. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పదవిచ్చింది.

అలాంటి ఇరుకు అంశం మీకూ ఒకటుంది. కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఎట్టయపురం. 1904లో సుబ్బరామ దీక్షితుల కర్ణాటక సంగీత గ్రంథం 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో అచ్చయింది అక్కడే. అంత తమిళ సీమలో ఆ తెలుగు అక్షరాలు కూర్చినవాళ్లెవరు? గమకాల గుర్తులన్నిటికీ ప్రూఫులు దిద్దిందెవరు? దీని మీద ఒక సదస్సు పెట్టండి. పదిమందే వస్తారు. కాకపోతే ఆ పదిమందీ ఒకరి పేపరు ఒకరు చివరిదాకా వింటారు.