బడిపిల్లల దౌర్జన్యము - చూపరుల మౌనము



ఈ పఠనమందిరమున మాటలాడుమని మీరు కోరినప్పుడు ఏదేని రాజకీయ విషయమును గైకొందుమని మీలో పెక్కురు తలంచియుందురు. మేము గైకొనినది చిన్న విషయము. ఉన్నత పాఠశాలలలో బలముగల పిల్లలు బలము లేనివారిని ఏడిపించుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము. చిన్న విషయమంటిమి గాని, దానివలన చదువు మానినవారిని మేమెరుగుదుము. ప్రాణములు విడిచినవారిని దేశమంతయు నెరుగును.

ముందొక ఉదంతము. కొన్నియేండ్ల క్రిందట దివిసీమనుండి ఒక రైతు తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చెను. బాలుడు బడిబస్సు ఎక్కక కాలువగట్టు వెంబడి నాలుగు మైళ్లు నడచి పోవుచుండెను. బస్సు తప్పిపోయినదని ఇంట చెప్పెడివాడు. సోమరితనమనుకొని తండ్రి రెండు పర్యాయములు కొట్టెను. తుదకు తెలిసినదేమనగా, వానికి నత్తి కలదు. పైతరగతివారు ప్రతిదినము బస్సులో వానిని నిలువబెట్టి ఎక్కములు చెప్పించి నవ్వుచుండిరి. అన్నపు క్యారేజీని కిటికీలోనుండి పారవేయుచుండిరి. తండ్రి నోటీసు పంపుమనెను. మేము వకీళ్లము, నోటీసు వ్రాయుట మాకు కష్టము కాదు. అయినను బాలుని వేరుగ కూర్చుండబెట్టి, "నాయనా, వీటిలో నీకు ఎక్కువ బాధ కలిగించినదేది?" అని అడిగితిమి. వాడు చాలసేపు పలుకలేదు. పిమ్మట, "మా బెంచీవాడు కూడా నవ్వాడండీ" అనెను. క్యారేజీ పారవేసినవారి పేర్లు వాడు ఎత్తనేలేదు.

ఆ మాట మమ్ము విడువలేదు. ఏడిపించువారు ఇద్దరు, బస్సులో నున్నవారు నలుబదిమంది. ఆ నలుబదిమంది నవ్వకుండినచో ఆ యిద్దరి ఆట ఎన్నినాళ్లు సాగును? కాలువకు గండి పడినప్పుడు నీటిని తిట్టి లాభము లేదని డెల్టా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. గట్టు ఎవరు కనిపెట్టియుండిరి, లస్కరు ఎక్కడ నుండెను అని అతడు అడుగును. బడి విషయమున మనము ఆ ప్రశ్న అడుగుట లేదు.

నార్వే దేశమున అడిగిరి. అచ్చట 1982వ సంవత్సరాంతమున ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసికొనగా, తోటివారి హింసయే కారణమని జనులు కలతపడిరి. మరుసటియేడు ప్రభుత్వము దేశమంతట పాఠశాలలలో ఉద్యమము నడపెను. డాన్ ఓల్వియస్ అను పండితుడు బెర్గెన్ నగరమున 42 పాఠశాలలను, సుమారు 2,500 మంది పిల్లలను పరిశీలించెను. విరామవేళల ఉపాధ్యాయులు ఆవరణలో కనిపెట్టియుండుట, అందరికి తెలిసిన నిబంధనలు, తరగతిలో క్రమముగా చర్చ, తల్లిదండ్రులతో సంభాషణ, ఇంతియే ఆయన చేయించినది. రెండేండ్లలో హింస ఇంచుమించు సగమునకు తగ్గెను. ఫిన్లండులో టుర్కు విశ్వవిద్యాలయమువారు తరువాత రచించిన 'కీవా' పద్ధతి మరియొక అడుగు ముందునకు వేసి, చుట్టునిలిచి చూచు పిల్లలనే ముఖ్యముగా బోధించుచున్నది. మా దివిసీమ బాలుడు ఒక్క వాక్యములో చెప్పినది వారు ఏండ్లతరబడి పరిశోధించి కనుగొనిరి.

మనలో కొందరు పెద్దలు మరియొక విధముగా వాదింతురు. "పిల్లలకిది సహజము, ఓర్చుకొన్నచో గట్టిపడుదురు" అందురు. ఓర్పు గొప్పదే. 1930లో ఉప్పు సత్యాగ్రహమున లాఠీదెబ్బలు తిన్న వాలంటీర్లను మనము పూజింతుము. కాని సత్యాగ్రహి తన యిష్టమున ముందునకు నడచెను. వాని ప్రక్కన తోటివారు నిలిచిరి. వీధి అరుగులనుండి ఊరంతయు వానిని దీవించెను. బస్సులో నిలువబెట్టబడిన పిల్లవానికి ఇష్టము లేదు, తోడు లేదు, దీవెన లేదు. ఒంటరివానికి ఓర్పు నేర్పుట ధర్మబోధ కాదు, మన భారము వదలించుకొనుట.

ఇక ఏడిపించుటకు పిల్లలు వెదకు సాకులు వారు కల్పించినవి కావు. అవి మన యిండ్ల నుండియే బడికి పోవుచున్నవి. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ మహాకవి బాలుడుగా బడిలో కులము పేరిట పొందిన అవమానములు తెలుగువారెరిగినవే. అవమానించిన పిల్లలకు ఆ మాటలు ఎవరు నేర్పిరి? నేడు వానికి తోడు మేని రంగు, తండ్రి వృత్తి, ఇంగ్లీషు పలుకుబడి, మార్కులు చేరినవి. మార్కులనుబట్టి సెక్షన్లు విడదీసి, చివరి సెక్షనువారిని ఉపాధ్యాయులే ఎగతాళి చేయు బడులు మన బెజవాడ చుట్టుప్రక్కల లేవని ఎవరనగలరు? పూర్వము బడిగంటతో అవమానము ముగిసెడిది. ఇప్పుడు వాట్సాపు గుంపులో రాత్రి పండ్రెండు గంటలకును అది వెంటాడును.

చట్టము లేదా అని మీరడుగవచ్చును. కలదు. మన రాష్ట్రమున 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము వచ్చెను. అది కళాశాలలకు మాత్రమే అని పెక్కురు భ్రమపడుచున్నారు. ఏ పేరున పిలువబడినను విద్య గరపు సంస్థలన్నియు, వసతిగృహములును దానిలో చేరును. ఎగతాళిచేసి అవమానించుట మొదలు ప్రాణహాని వరకు దానిలో శిక్షలు కలవు. అంతకంటె ముఖ్యముగ, ఫిర్యాదు వచ్చినను చర్య తీసికొనక ఉపేక్షించిన ప్రధానాధికారిని నేరమునకు తోడ్పడినవానిగ ఎంచుమని ఆ చట్టము చెప్పుచున్నది. మౌనము నేరమని శాసనకర్తలు గుర్తించిరన్నమాట.

కాని చట్టము ఎంతదూరము పోగలదు? గుంటూరు మార్గమున నున్న నాగార్జున విశ్వవిద్యాలయమున 2015 జూలైలో వాస్తువిద్య నభ్యసించు విద్యార్థిని యొకతె తన వేదనను వ్రాసిపెట్టి ప్రాణము తీసికొనెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. తొమ్మిదేండ్ల పిమ్మట, 2024లో, సాక్ష్యాధారములు చాలవని గుంటూరు న్యాయస్థానము కేసు కొట్టివేసెను. తీర్పును మేము తప్పుపట్టము. నేరము రుజువు కానివారిని దూషింపము. ఆ యొక్క వ్యాజ్యమును గూర్చియు మేము చెప్పుట లేదు. ఇట్టి వ్యాజ్యములన్నియు చూచినవారి నోటిమీద ఆధారపడును. పదునాలుగేండ్లకు చూచినది చెప్పుట అలవడనివాడు ఇరువదియేండ్లకు బోనెక్కి చెప్పునా? పైగా హైస్కూలు పిల్లలు పదునెనిమిదేండ్లు నిండనివారు. 2015 నాటి బాలల న్యాయచట్టము వారిని దిద్దుటకే గాని జైలునకు పంపుటకు ఏర్పడలేదు. కనుక మందు బడిలోనే వెదకవలెను.

దివిసీమ రైతు పక్షమున మేము నోటీసు పంపలేదు. ఆయనతో కలసి ప్రధానోపాధ్యాయుని చూచితిమి. ఆయన మొదట నవ్వి, "పిల్లలు కదండీ" అనిరి. పిమ్మట డ్రిల్లు మాష్టరును పదునైదు దినములు అదే బస్సులో పంపిరి. పైతరగతివారిని కొట్టవలదని మేము వేడుకొంటిమి. బెత్తము నేర్పునది వారికి ముందే వచ్చియున్న పాఠమే. అందరియెదుట చేతులు కలిపించి రాజీ చేయవలదనియు చెప్పితిమి. ఆ రాజీ సాయంకాలమునకు పగయగును. బెంచీవానిని మాత్రము మాష్టరు వేరుగ పిలిచి, "నీవెందుకు నవ్వితివి?" అని అడిగెను. "నవ్వకపోతే నన్ను కూడా నిలబెడతారని" అని వాడు చెప్పెనట. వానికి కావలసినది శిక్ష కాదు, ధైర్యము. మరునాటినుండి అయిదారుగురిని ఒక్కచోట కూర్చుండబెట్టినంత మాత్రమున ఆ ధైర్యము వచ్చెను.

వేసవి సెలవుల పిమ్మట బడులు తెరచునప్పుడు మీ పేట బడికి ఒక్కసారి పొండు. ఉత్తీర్ణుల లెక్క అడుగుటకు ముందు, ఫిర్యాదు వ్రాయు పుస్తకము కలదా, మరుగుదొడ్లయొద్దను సైకిళ్ల కొట్టమునొద్దను విరామవేళ ఎవరుందురు, బస్సులో పెద్దవారెవరు అని అడుగుడు. పుస్తకములో ఒక్క ఫిర్యాదును లేదని గర్వముగ చెప్పినచో, ఆ బడికి మరల పొండు. 1098 అను బాలల సహాయ టెలిఫోను సంఖ్యను గోడపై పిల్లలకు అందునంత ఎత్తున వ్రాయింపుడు. చాలచోట్ల అది ప్రధానోపాధ్యాయుని గదిలో, కుర్చీ వెనుక, వ్రేలాడుచుండుట మేము చూచితిమి.