జోలె పట్టిన పాట
(అల్ వక్రాలో జరిగిన తెలుగువారి సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు ఇక్కడ మన మధ్య పెద్ద వాదమే జరిగింది. పాటకచ్చేరి మానుకోవాలని కొందరు, జరిపి సాయం చేయాలని కొందరు. వాగును ఇరుకు చేసిందెవరో ముందు తేల్చమని మరికొందరు. ఆనాడు మాట తూలిన వారిలో మేమూ ఉన్నాము. అందుకే నేడొక పాత సంగతి మనవి చేసుకుంటున్నాము.

1939లో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు మన కమ్యూనిస్టులు అది సామ్రాజ్యవాద యుద్ధమని, సాయపడరాదని అన్నారు. 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ యూనియన్‌పై దండెత్తాడు. ఆ సంవత్సరాంతానికి అదే యుద్ధం వారికి ప్రజాయుద్ధమైంది. 1942 జూలైలో పార్టీపై నిషేధం తొలగింది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వస్తే పార్టీ దూరంగా నిలిచింది. జైళ్ళకు వెళ్ళిన సోషలిస్టులు దానిని ద్రోహమన్నారు. అయితే ఆ ఏప్రిల్ 6నే జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేసి ఉన్నాయి. కనుక ఫాసిస్టు ప్రమాదమన్నది మన తీరంలో గాలిమాట కాదు. నిన్నటిదాకా ఒకే వేదికపై యుద్ధాన్ని ఎదిరించినవారు ఒకరి ముఖం ఒకరు చూడని స్థితి వచ్చింది.

అంతలో 1943లో బెంగాల్ కరువు విరుచుకుపడింది. బర్మా జపాను వశమై అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకు దక్కరాదని తీరంలోని పడవలను ప్రభుత్వమే లాగేసుకుంది. ధరలు పేదవానికి అందకుండా పోయాయి. మరణించినవారు 15 లక్షలని విచారణ సంఘం అంచనా వేస్తే, తరువాతి పరిశోధకులు 30 లక్షల దాకా లెక్కగట్టారు.

ఆ ఏడే బొంబాయిలో ఇప్టా, ఆంధ్రలో ప్రజానాట్యమండలి వెలిశాయి. బినయ్ రాయ్ దళం బెంగాల్ ఆకలిని పాటగా మోసుకుని ఊళ్ళు తిరిగి చందాలు పోగుచేసింది. మన వైపు గరికపాటి రాజారావు గారు నాటకాన్ని, షేక్ నాజర్ గారు బుర్రకథను పల్లె ముంగిటికి తెచ్చారు. బెంగాలు ఎక్కడుందో ఎరుగని జనానికి ఆ కరువును కథగా చెప్పింది ఆ గుమ్మెటే.

దీనిపైనా తగవే. దొంగనిల్వల వర్తకుణ్ణి దుయ్యబట్టినంత గట్టిగా యుద్ధాన్నీ, దొరల పాలననూ దుయ్యబట్టలేదేమని ప్రత్యర్థులు అడిగారు. ఆ ప్రశ్నలో పస ఉన్నది. దాన్ని మరుగుపరచడం ధర్మం కాదు. కాని గంజి కోసం కూర్చున్న బిడ్డ, ఆ గంజి ఏ పార్టీ వారిదని అడగదు గదా! కారణాన్ని గురించిన తగవు ఆకలి కంటె ఎక్కువ కాలం బతుకుతుంది. దానికి వ్యవధి ఉంది, ఆకలికి లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. అప్పుడు రామారావు గారు, నాగేశ్వరరావు గారు, తోటి నటులు వీధుల్లో జోలె పట్టారు. వెండితెరపై పోటీదారులే, జోలె వద్ద కారు.

మనముంటున్న ఈ అల్ వక్రా ఒకప్పుడు ముత్యాల వేటగాళ్ళ ఊరు. ఆ పడవల్లో పాట పాడేందుకే ఒక మనిషి ఉండేవాడు, నహ్హామ్ అంటారు. అతని పాట పడవలోని తగవులను తీర్చేది కాదు. తెడ్లన్నీ ఒక్కసారి పడేటట్లు చూసేది. మన కచ్చేరి చేయవలసిందీ అంతే.

ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయరాదు. ఆ కట్టుబాటును పాటిద్దాము. ప్రతి రియాలుకూ లెక్క గోడకు అంటిద్దాము. ఆపద వచ్చిన వారం సాయం చేద్దాము; ఆపైన తప్పెవరిదో తేల్చే సభ తప్పక పెడదాము. ఆ సభలో మేము మళ్ళీ గట్టిగానే వాదిస్తాము. ఈసారి మాత్రం బియ్యం బస్తా చేరిన తరువాతనే.