పప్పుకుండ మోసిన శిష్యుడు

ఊదారంగు సరుకు ఓడతోపాటు మునిగిపోయింది. సైప్రస్ వ్యాపారి జీనో ఏథెన్స్ చేరి ఓ పుస్తకాల కొట్టులో కూర్చున్నాడు. కొట్టువాడు సోక్రటీసు ముచ్చట్లు చదువుతుంటే విని, ఇలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారని అడిగాడు. సరిగ్గా అప్పుడే తత్వవేత్త క్రేటీస్ అటుగా పోతున్నాడు. ఆయన వెంట పొమ్మన్నాడు కొట్టువాడు.

జీనోకి సిగ్గెక్కువ. అది వదలగొట్టాలని గురువు పప్పుజావ కుండ చేతికిచ్చి కుమ్మరిపేట గుండా నడిపించాడు. శిష్యుడు దాన్ని పైబట్ట చాటున దాచబోయాడు. చేతికర్రతో ఒక్కటి! కుండ పగిలి పప్పు కాళ్ల మీదుగా కారింది. పాపం, జీనో పరుగో పరుగు.

డయోజెనీస్ లేర్షియస్ ఈ కథను ఎప్పుడో క్రీ.శ. మూడో శతాబ్దంలో రాశాడు. కాస్త మసాలా కలిసే ఉంటుంది.

క్రీ.పూ. 300 ప్రాంతంలో అదే జీనో బొమ్మలున్న వసారాలో పచార్లు చేస్తూ పాఠం చెప్పసాగాడు. వసారాను గ్రీకులో స్టోవా అంటారు. ఆయన శిష్యులకు స్టోయిక్కులనే పేరు వచ్చింది అక్కడినుంచే.