నాగారం పక్కనే నక్షత్రాల సరుకు

"మనమంతా నక్షత్రాల ధూళి" అని ఒక స్టేటస్ అందరి ఫోన్లలో తిరుగుతుంటుంది కదా. వినడానికి బాగుంటుంది. కానీ అది పూర్తి నిజం కాదు.

మన ఒంట్లో ప్రతి పది పరమాణువుల్లో దాదాపు ఆరు హైడ్రోజన్‌వే. హైడ్రోజన్‌ను ఏ నక్షత్రమూ తయారు చేయలేదు. అది సుమారు 1380 కోట్ల సంవత్సరాల కిందట, బిగ్ బ్యాంగ్ అయిన మొదటి నిమిషాల్లోనే ఉన్న సరుకు. అంటే మీ పక్కనున్న వాటర్ బాటిల్లో హైడ్రోజన్ విశ్వమంత పాతది, ఆక్సిజన్ మాత్రం తర్వాత నక్షత్రాల కడుపులో ఉడికింది. ఒకే గుక్కలో రెండు వేర్వేరు కాలాలు తాగుతున్నామన్నమాట.

ఇప్పటికీ విశ్వంలో కంటికి కనిపించే పదార్థం బరువులో ముప్పావు వంతు హైడ్రోజన్, మిగతాది దాదాపు అంతా హీలియమే. ఇనుము, బంగారం, కాల్షియం, కార్బన్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం.

ఎవరు వెళ్లి చూసొచ్చారు అంటారా? వెళ్లక్కర్లేదు, వెలుతురు చెబుతుంది. ఒక్కో మూలకం ఒక్కో రంగు గీత గీస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుతురును విడదీసి చూశాడు. "గుంటూరులో హీలియం కనిపెట్టారు" అని చాలామంది ఒక్క ముక్కలో చెప్పేస్తారు. కథ కొంచెం పెద్దది. ఆ గ్రహణంలో పసుపు గీత కనిపించింది కానీ, అది సోడియంది కాదు, కొత్త మూలకానిది అని తేల్చి పేరు పెట్టింది ఇంగ్లండ్‌లో లాక్యర్. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో, రామ్సే అనే ఆయనకి, యురేనియం ఉన్న ఒక ఖనిజంలో. ఆ యురేనియం దగ్గరికి మళ్లీ వస్తా.

ఇప్పుడు మన ఏరియాకి రండి. నాగారం నుంచి ఈసీఐఎల్ వైపు వెళ్తే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ఉంది కదా, మనం ఎన్ఎఫ్‌సీ అంటాం. 1971లో పెట్టారు. అక్కడ అణు రియాక్టర్లకి యురేనియం బిళ్ళలు, వాటిని నింపే గొట్టాలు తయారవుతాయి. ఆ గొట్టాలు ఇనుముతో చేయరు, జిర్కోనియంతో చేస్తారు. ఎందుకంటే రియాక్టర్ నడవాలంటే న్యూట్రాన్లు అటూ ఇటూ తిరగాలి. జిర్కోనియం వాటిని దాదాపు మింగదు. దాని ఖనిజంలోనే కవల పిల్లలా హాఫ్నియం ఉంటుంది. అది 500 రెట్లకు పైగా మింగుతుంది. అందుకే ఈ రెండిటినీ విడదీయడం అంత ముఖ్యమైన పని.

నాకు భలే నచ్చిన విషయం ఇదే. ముసలి నక్షత్రాల్లో పరమాణు కేంద్రకాలు ఒక్కో న్యూట్రాన్‌నే మింగుతూ, నెమ్మదిగా బరువెక్కుతూ పోతాయి. జిర్కోనియం-90లో సరిగ్గా 50 న్యూట్రాన్లుంటాయి. అక్కడికొచ్చేసరికి కడుపు నిండిపోయినట్టు, ఇంకొకటి తీసుకోవడానికి ఇష్టపడదు. దాంతో సాయంత్రం ఈసీఐఎల్ చౌరస్తాలో బండ్లు ఆగిపోయినట్టు, పదార్థమంతా అక్కడ పోగుపడుతుంది. అందుకే నక్షత్రాలు జిర్కోనియాన్ని బాగానే తయారు చేశాయి. ఏ గుణం వల్ల అది అక్కడ పోగుపడిందో, అదే గుణం కోసం ఇక్కడ గొట్టాలు చేస్తున్నారు.

ఇదంతా ఊహ అనుకోకండి. జిర్కోనియం గీతలు బాగా కనిపించే ఒక రకం నక్షత్రాల్లో 1952లో మెరిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త టెక్నీషియం పట్టుకున్నాడు. అక్కడ తయారయ్యే టెక్నీషియం సుమారు 2 లక్షల సంవత్సరాల్లో సగం అయిపోతుంది. నక్షత్రం వయసుతో పోలిస్తే అది ఎంత? అంటే అది పాత సరుకు కాదు, అక్కడే ఈమధ్య తయారైంది.

యురేనియం సంగతి వేరు. ఈ నెమ్మది దారిలో అది పుట్టదు. న్యూట్రాన్లు వరదలా ముంచెత్తాలి. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకున్నప్పుడు అలా జరుగుతుంది. అలాంటి ఒక ఢీని 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాల్లో పట్టుకున్నారు. తర్వాత వచ్చిన వెలుతురులో బరువైన మూలకాలు పుట్టిన ఆనవాళ్లు దొరికాయి.

అంటే ఎన్ఎఫ్‌సీలో బిళ్ళ ఒక చోట పుట్టిన సరుకు, దాని గొట్టం ఇంకో చోట పుట్టిన సరుకు. కడప జిల్లా తుమ్మలపల్లిలో తవ్వే యురేనియం కూడా అంతే, భూమి కంటే పాతది. భూమి పుట్టినప్పుడున్న యురేనియం-238లో ఇప్పటికి సుమారు సగమే మిగిలింది. మిగతాది మెల్లగా సీసంగా మారుతూ, దారిలో హీలియం వదిలింది. రామ్సేకి దొరికింది అలాంటి హీలియమే.

కీసర వైపు గుట్టల్లో గ్రానైట్ చూశారుగా, సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. గ్రానైట్‌లో ఇసుక రేణువు కన్నా చిన్న జిర్కాన్ స్ఫటికాలుంటాయి. వాటిలో జిర్కోనియం, కొంచెం యురేనియం, రెండూ కలిసే ఉంటాయి. ఎంత యురేనియం సీసంగా మారిందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. ఎలా కొలుస్తారన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.