కంప్యూటరు వేగమును కొలుచు విధము

ఆ మధ్య గ్రామీణ కార్యక్రమమునకై టమోటా రైతుల అనుభవములు రికార్డు చేయుటకు మేము బైరెడ్డిపల్లె వెళ్లియుంటిమి. పని ముగించి తీగెలు చుట్టుకొనుచుండగా ఒక రైతు రెండు కాగితములు తెచ్చి మా చేతికిచ్చెను. ఆయన కుమార్తెకు ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు శాఖయందు సీటు వచ్చినది. ల్యాప్‌టాపు కొనవలెను. పలమనేరులో ఒక దుకాణమువారు, మదనపల్లెలో ఇంకొక దుకాణమువారు వ్రాసియిచ్చిన ధరల చీటీలవి.

"సార్, ఈడ మూడున్నర అంటా ఉండారు, ఆడ నాలుగున్నర అంటా ఉండారు. నాలుగున్నరదే గదా మేలు?" అని ఆయన అడిగెను.

ఆయన చెప్పిన మూడున్నర, నాలుగున్నర గిగాహెర్ట్సులు. రెండవ యంత్రములో గ్రాఫిక్స్ కార్డు కూడ నున్నది. రెంటి ధరలకు నడుమ భేదము ముప్పదివేల రూపాయలు. ఆ యేడు టమోటాకు ధర పలికినందున సొమ్ము చేతిలో నున్నది. మరుసటి యేడు ఎట్లుండునో మదనపల్లె మార్కెట్టులో తలపండిన మండీవారును చెప్పలేరు.

అవునని ఒక్క మాట చెప్పి జీపు ఎక్కుట సులభమే. కాని పూర్వమొకసారి మేమట్లు చెప్పి చెడితిమి. పుంగనూరులో ఫోటో స్టూడియో నడుపు మిత్రుడొకడు సలహా అడుగగా, మంచి గ్రాఫిక్స్ కార్డు గల యంత్రమునే కొనుమని ధైర్యముగా చెప్పితిమి. ఆయన కొనెను. పెండ్లి ఆల్బములు మాత్రము మునుపటివలెనే నత్తనడక నడచెను. పోయి చూడగా మెమొరీ చాలక ఆ యంత్రము మాటిమాటికి పాత రకపు తిరుగుడు డిస్కును తడవుకొనుచున్నది. ఖరీదైన కార్డు ప్రక్కన ఊరక కూర్చున్నది. ఆ మిత్రుడు మమ్ము ఏమియు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించెను.

గిగాహెర్ట్సు అనగా సెకనుకు నూరు కోట్ల తాళములు. ప్రాసెసరులోని పని యంతయు ఒక గడియారపు తాళమునకు లోబడి జరుగును. నాలుగున్నర యనిన సెకనుకు 450 కోట్ల తాళములు. ఫ్రీక్వెన్సీ యన్న మాట రేడియోవారమైన మాకు ఇంటి మాట. ఒక కేంద్రము ఎన్ని మెగాహెర్ట్సులమీద ప్రసారము చేయునో తెలిసినంత మాత్రమున అందులోని పాట బాగుండునో లేదో తెలియదు గదా! ప్రాసెసరు విషయములోను ఆ సంఖ్య సగము సంగతియే చెప్పును.

తక్కిన సగమునకు మేము ఆ రైతుకు కపిలను గుర్తుచేసితిమి. నేడు ఆ ప్రాంతమున అన్నియు బోరుబావులే. అయినను ఆయన తండ్రి కపిల తోలినవాడట. ఎద్దులు దిగుదారిన ఎన్నిసార్లు దిగి యెక్కినవి అన్నది ఒక లెక్క. ఒక్కొక్క తూరి బానలో ఎంత నీరు వచ్చినది అన్నది వేరొక లెక్క. మడి తడియుటకు రెంటిని హెచ్చవేయవలెను. చురుకైన కోడెలకు చిన్న బాన కట్టినచో, నిదానపు ఎద్దులు పెద్ద బానతో ముందుగా మడి తడిపివేయవచ్చును. ప్రాసెసరులో తాళములు ఎద్దుల నడక వంటివి. ఒక తాళములో ఎన్ని ఆదేశములు పూర్తియగునో అది బాన పరిమాణము. ఒకే పనిని ఒక ప్రోగ్రాము ఎక్కువ ఆదేశములతోను, మరియొకటి తక్కువ ఆదేశములతోను చేయవచ్చును గనుక, మొత్తము ఆదేశములెన్ని యన్నది మూడవ లెక్క. ఈ మూడును కలిసినగాని కాలము తేలదు.

ఈ సంగతి గుర్తింపక లోకమంతయు ఒకప్పుడు భ్రమపడినది. ఇంటెల్ సంస్థ 2000 నవంబరులో విడుదల చేసిన పెంటియం 4 ప్రాసెసరును తాళము పెంచుటకే ప్రత్యేకముగా రూపొందించిరి. 2004 నాటికి అది 3.8 గిగాహెర్ట్సులకు చేరెను. దాని పోటీదారైన ఏ.ఎమ్.డి. ప్రాసెసరులు తక్కువ తాళముతోనే సరితూగుచుండినను, కొనువారు సంఖ్యనే చూచుచుండిరి. కావున ఆ సంస్థవారు తమ అథ్లాన్ ఎక్స్.పి. యొక్క అసలు తాళమును పేరులో చెప్పుట మానివేసిరి. 1.67 గిగాహెర్ట్సుల దానికి '2000 ప్లస్' అని పేరు పెట్టిరి. వ్యాపారపు ఎత్తుగడయే యైనను అందులో న్యాయము లేకపోలేదు. ఇంతలో తాళము పెరిగిన కొలది వేడియు పెరిగి చల్లార్చుట దుస్సాధ్యమయ్యెను. తరువాత రావలసిన ప్రాసెసరును ఇంటెల్‌వారు 2004 లోనే రద్దు చేసి, 2006 లో కోర్ 2 డ్యువో తెచ్చిరి. దాని తాళము పెంటియం 4 కంటె ఎంతో తక్కువ. పని మాత్రము ఎక్కువ. సంఖ్య పెద్దదైనంతనే యంత్రము మేలని ఇరువది యేండ్ల క్రిందటనే చెప్పలేకపోయిరి. దుకాణముల చీటీలమీద నేటికిని ఆ సంఖ్యయే మొదట నుండును.

ఇంకొక చిక్కు కలదు. 3 గిగాహెర్ట్సుల ప్రాసెసరులో ఒక తాళమునకును మరుతాళమునకును నడుమ కాంతి సైతము 10 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు, అనగా జానెడు కూడ కాదు. అంత తొందరలో నున్న ప్రాసెసరు, కావలసిన అంకెకై ప్రక్కనున్న మెమొరీని అడిగినచో అది వచ్చులోపల రెండు మూడు వందల తాళములు వృథాగా గడచిపోవును. అందుకే ప్రాసెసరులోనే క్యాష్ అను చిన్న నిలువ ఉంచెదరు. గృహిణులకు దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. పొయ్యి ప్రక్కన పోపులడబ్బా యున్నది, లోపలిగదిలో సరకుల డబ్బాలున్నవి, అక్కడను లేనిచో సంతకు పోవలెను. నూనె కాగిన తరువాత ఆవాలకై సంతకు పోయినచో వంట చేయువారి చేతివేగము ఏమి లాభము? పుంగనూరు మిత్రుని యంత్రము దినమంతయు సంతకు తిరుగుచుండెనన్న మాట.

ఇక గ్రాఫిక్స్ కార్డు. మేము ఇంతవరకు చెప్పగా ఆ రైతు కుమార్తె ముందుకు వచ్చి, "నాకు గ్రాఫిక్స్ కార్డు కావల్లా, వద్దా? అది చెప్పండి సార్" అని సూటిగా అడిగెను.

చిత్తూరు జిల్లా బిడ్డ ఆ ప్రశ్న అడుగుట ఉచితమే. ఆ జిల్లాలోనే, కాటూరు గ్రామమున 1937 లో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డిగారు, రాజ్ రెడ్డిగా లోకప్రసిద్ధులు, మాటను గ్రహించు యంత్రములపై జీవితమంతయు కృషిచేసి 1994 లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానమును పొందిరి. అది కంప్యూటరు శాస్త్రములో అత్యున్నత సత్కారము. 1980 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున వారును, వారి సహచరులును ఒక మనిషికి తగిన కంప్యూటరు ఎట్లుండవలెనో మూడు లక్ష్యములుగా చెప్పిరి: సెకనుకు పది లక్షల ఆదేశములు, పది లక్షల బైట్ల మెమొరీ, పది లక్షల బిందువుల తెర. ఈ మూటిని కలిపి ఒక్కటిగా చూచుటలోనే వారి వివేకమున్నదని మాకు తోచును. వారు ఆదేశముల సంఖ్యనొక్కదానిని పేర్కొని విడువలేదు. మెమొరీని విడిచినచో పుంగనూరు కథయగును. తెరను విడిచినచో మనిషికి కనబడునదేమి?

నేటి సాధారణమైన తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 బిందువులున్నవి. అనగా ఇరువది లక్షలకు పైబడి. కదలు బొమ్మ నునుపుగా తోచుటకు సెకనుకు 60 సార్లు గీయవలెనన్నచో 12 కోట్లకు పైగా బిందువుల రంగులు సెకనుకు లెక్కగట్టవలెను. ఇవి కఠినమైన లెక్కలు కావు, అసంఖ్యాకములు, ఒకేతీరువి. ప్రాసెసరు పాతకాలపు కరణము వంటిది. ఎంత చిక్కు లెక్కనైనను విప్పును, మధ్యలో మాట మారినను తట్టుకొనును, కాని అట్టి కరణములు ఏ యంత్రములోనైనను కొద్దిమందియే. గ్రాఫిక్స్ కార్డు కోతకు దిగిన కూలీల గుంపు. వేలమంది యుందురు, ఒక్కొక్కరి వేగము తక్కువ, అందరును ఒక్క మాటపై కదలవలెను. ఎన్విడియా కార్డులలో 32 లెక్కలు ఒక జట్టుగా ఒకే ఆదేశమును నడపును. ఆ జట్టులో కొందరిని పండ్లు కోయుమని, కొందరిని కలుపు తీయుమని చెప్పినచో, ఒక సగము పనిచేయుచుండగా రెండవ సగము చేతులు కట్టుకొని నిలువవలసినదే.

ఇట్టి కార్డుల రూపకల్పనలో తెలుగువారి చేయి కలదు. కొవ్వూరులో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన రాజా కోడూరి 2015 లో ఏ.ఎమ్.డి. గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతియై, 2017 లో ఇంటెల్‌కు పోయి, 2023 వరకు అక్కడ గ్రాఫిక్స్ నిర్మాణమును నడపిరి. బొమ్మలకై పుట్టిన ఈ కార్డులను ఇతరమైన లెక్కలకు వాడుకొను మార్గమును 2007 లో ఎన్విడియా తన క్యూడా ద్వారా సుగమము చేసెను. నేటి కృత్రిమ మేధ యంతయు ఒకేతీరు గుణకారముల రాశియే గనుక, ఆ పని ఈ కూలీల గుంపు చేతికే వచ్చినది.

అట్లని గుంపును పెంచిన కొలది పని తగ్గునా? జీన్ ఆమ్‌డాల్ 1967 లోనే దీనికి హద్దు చూపెను. పదిమంది టమోటా కోయుటకు 6 గంటలు, లారీ మదనపల్లె చేరుటకు 3 గంటలు పట్టునని యనుకొందము. మొత్తము 9 గంటలు. అరువదిమందిని దింపినచో కోత ఒక గంటలో ముగియును. మొత్తము 4 గంటలు. ఆరువందలమందిని తెచ్చినను 3 గంటలకు తక్కువ కానేరదు. ఈ లెక్క చెప్పినపుడు అక్కడ చేరిన రైతులందరును నవ్విరి. లారీలు ఘాటురోడ్డులో నిలిచిపోవుట వారికి తెలియనిదా!

సగటు సంఖ్యలను గూర్చియు ఒక హెచ్చరిక. 'సెకనుకు 60 చిత్రములు' అని ప్రకటించిన కార్డు, 59 చిత్రములను అర సెకనులో గీసి అరువదవ దానికి తక్కిన అర సెకను తీసికొనినను లెక్క తప్పుకాదు. కంటికి మాత్రము బొమ్మ నిలిచిపోయినట్లే. అరగంట ప్రసారములో ఐదు సెకనులు ధ్వని ఆగినచో సగటున మేము బాగుగనే ప్రసారము చేసినట్లు. శ్రోత మాత్రము ఆ ఐదు సెకనులలోనే రేడియో కట్టివేయును. కనుక మిక్కిలి ఆలస్యమైన చిత్రము ఎంత ఆలస్యమైనదని అడుగవలెను.

పేరును నమ్ముటకును వీలులేదు. ఎన్విడియావారి ఆర్.టి.ఎక్స్. 4060 అను ల్యాప్‌టాపు కార్డును ఆయా తయారీదారులు 35 వాట్లనుండి 115 వాట్ల వరకు ఏదో ఒక విద్యుత్తు పరిమితితో అమర్చవచ్చును. పేరు ఒకటియే, మేత వేరు. తక్కువ మేతగల ఎద్దు ఎక్కువ మేతగల ఎద్దుతో సమముగా దున్నునా?

ఇక ఆ బాలికకు మేమిచ్చిన జవాబు. మొదటి రెండేండ్లు ఆమె వ్రాయబోవు ప్రోగ్రాములకు గ్రాఫిక్స్ కార్డుతో పనిలేదు. పిదప కృత్రిమ మేధ చదువదలచినచో అప్పటికి కళాశాల ప్రయోగశాలయో, ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు దొరకు దూరపు యంత్రమో అక్కరకు వచ్చును. మెమొరీ 16 గిగాబైట్లున్నదా, డిస్కు ఎస్.ఎస్.డి. యేనా అని ముందు చూడుమంటిమి. ఆ నాలుగున్నర గిగాహెర్ట్సులు ఎడతెగక నడచు వేగమో, ఒక్క ఊపులో కొద్దిసేపు అందుకొను వేగమో దుకాణమువారిని అడుగుమంటిమి. అంతటితో విడువక, మేము ఆనాడు తీసిన పది నిమిషముల వీడియోను, దానిని కుదించు ప్రోగ్రామును ఒక పెన్‌డ్రైవులో నుంచి ఆమెకిచ్చితిమి. రెండు దుకాణములలోను దానిని వరుసగా పదిసార్లు నడపి, చేతిగడియారముతో ప్రతిసారి కాలము వ్రాసికొనుమని చెప్పితిమి. వీడియోలు కుదించుట ఆమె చదువు కాదు, నిజమే. వేడెక్కిన తరువాత యంత్రము ఎట్లు నడచునో తెలియుటకు అది చాలును.

వారము దినములకు ఆమె ఫోను చేసెను. మదనపల్లెలో మొదట ఒప్పుకొనలేదట. తండ్రి బయటి బల్లమీద కూర్చుండి కదలకపోగా ఒప్పుకొనిరట. నాలుగున్నర యంత్రము మొదటిసారి 2 నిమిషముల 5 సెకనులలో ముగించెను. మూడున్నరది రెండున్నర నిమిషములు తీసికొనెను. పదవసారి మొదటిది 3 నిమిషములు దాటెను. రెండవది 2 నిమిషముల 35 సెకనులు. పలుచని ఆ మొదటి యంత్రము అడుగున చేయి పెట్టలేకపోతినని ఆమె చెప్పెను.

వారు పలమనేరు యంత్రమునే కొనిరి. మిగిలిన సొమ్ములో కొంత హాస్టలు ఫీజునకును, కొంత తోటలో పాడైన డ్రిప్పు గొట్టములకును పోయినదట. పెన్‌డ్రైవును తిరిగి పంపుటకు చిరునామా అడిగెను. ఉంచుకొనుమని చెప్పితిమి.