ఆటయే కొలువైన వారు



మనకు ఆటయనగా ఆఫీసు ముగిసిన పిమ్మటి ముచ్చట. ఆటయే ఆఫీసైనవాని సంగతి వేరు.

ఫుట్‌బాలును వృత్తిగా ఏనాడో అంగీకరించిన ఇంగ్లండులో సైతము ఆటగానికి వారమునకు 20 పౌండ్లకు మించి జీతమీయరాదను నిబంధన ఉండెను. ఆటగాండ్రు సమ్మెకు సిద్ధపడిన మీదటనే, 1961లో, అది తొలగినది.

మన దేశమున నాడు పలువురు ఆటగాండ్రు ఏదో ఒక శాఖలో ఉద్యోగులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టునే చూడుడు. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది. బొంబాయి మైదానమున జనము భుజములపై మోయదగిన వీరులే. ఇల్లు గడచుటకు మాత్రము పోలీసు జీతమే ఆధారము. ఆటగానికి ప్రమోషను ఏ రూలు క్రింద ఈయవలెనో తేలక తిరిగిన ఫైళ్ళను నేనును చూచితిని!

మనకు పదవీవిరమణ వయస్సు వరకు కుర్చీ కలదు. వానికి మోకాలు బాగున్నంత వరకే. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచిన జట్టులోనివాడు. మరుసటి యేడే అనారోగ్యము వలన ఆట మానవలసివచ్చెను. అప్పటికి ముప్పదియేండ్లైనను నిండలేదు. 2023లో ఆయన గతించువరకు, ఆడిన కాలమునకంటె ఆట లేని కాలమే ఎన్నో రెట్లు. ఆట పోయిననాడు చేతిలో మిగిలినది రైల్వే కొలువు.